దీపాలతో ఎవరి గాలినీ తేల్చరాదు

సోమవారం, మొదటి షిఫ్టు

పెద్ద పంకా ఆగిపోయింది.

ముందు నాకు అర్థం కాలేదు. పుట్టినప్పటి నుంచీ చెవుల్లో ఉన్న మోత అది. ఆగేసరికి ఎవరో నన్ను పిలిచారనుకుని వెనక్కి తిరిగాను. చౌరస్తాలో అంబలి గిన్నెలు పట్టుకుని నిలబడ్డవాళ్లందరూ అలాగే వెనక్కి తిరిగారు. ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఆ తరువాత లొల్లి మొదలైంది.

నా తరువాత ఈ మైకు పట్టుకునేవాళ్ల కోసం రాస్తున్నాను కాబట్టి ముందు నా సంగతి చెప్పాలి. నా పేరు స్వరూప. పదమూడో బావిలో అందరూ మైకు స్వరూప అంటారు. ఒకప్పుడు ఇక్కడ బొగ్గు తవ్వేవారట. పైన ఎండ మనుషుల్ని బతకనివ్వని కాలం వచ్చాక మా ముత్తాతలు ఈ ఖాళీ గనిలోకి సంసారాలు దింపుకున్నారు. ఇప్పుడు మూడు వందల మందికి పైగా ఉన్నాం. ఎవరికైనా ఏదైనా అడగాలనిపిస్తే పలక మీద రాసి చౌరస్తాలో మేకుకు తగిలిస్తారు. రెండో షిఫ్టులో నేను దాన్ని మైకులో చదువుతాను. ఔననేవాళ్లు టోపీ దీపం వెలిగిస్తారు, కాదనేవాళ్లు ఆర్పేస్తారు. పైకప్పుకు బిగించిన అద్దాల కన్ను రెప్పపాటులో లెక్కపెట్టి చెబుతుంది. తేలింది జరిగి తీరాలి.

నా చిన్నప్పుడు ఈ కన్ను లేదు. పెద్దమనుషులే దీపాలు లెక్కపెట్టేవారు. లెక్క తప్పేవారు, తన్నుకునేవారు, మళ్లీ లెక్కపెట్టేవారు. అందుకే ఏడాదికి రెండు మూడు ప్రశ్నలకు మించి ఎవరూ అడిగేవారు కాదు. కన్ను వచ్చాక ప్రశ్నలకు పట్టపగ్గాల్లేవు. ఒకసారి కూరలో ఉప్పు ఎక్కువైందా అని కూడా దీపాలు అడిగారు. ఎక్కువైందనే తేలింది. వండినామె వారం రోజులు అలిగి ఎవరితోనూ మాట్లాడలేదు.

పంకా దగ్గరికి వెళ్లేసరికి మా పంకాల మేస్త్రి ఓదెలు మోటారు కింద దూరి ఉన్నాడు. కాళ్లు మాత్రం కనబడుతున్నాయి.

"ఏమైందన్నా?"

"బేరింగు పలిగింది చెల్లే." కాళ్లే మాట్లాడుతున్నట్టు ఉంది. "పాత పంపులల్ల ఏరుకొచ్చి అతకాలె. ఆదివారం దాక పడ్తదేమో."

"అందాక ఊపిరి బిగబట్టుకొని కూసుందామా?"

"చిన్న పంకా తిరుగుతాంది గద. అందరు జర తగ్గితే దాని గాలి అందరికి చాలుతది. పొయ్యిలు ఆర్పాలె. మనిషికో షిఫ్టు కదలకుంట పండాలె. పండుకున్నోనికి గాలి తక్కువ పడ్తది. తలకాయ నొస్తది, గంతే. ఎవ్వరు సావరు."

"పలక మీద రాయి మరి."

"నా రాత నాకే సమజ్ గాదు. నువ్వే రాయి."

రాశాను. ఇంత సులువైన ప్రశ్న ఈ మధ్య చదవలేదని కూడా అనుకున్నాను.

మంగళవారం, రెండో షిఫ్టు

ఓదెలు ప్రశ్న ఓడిపోయింది. ఓడిపోవడమంటే అలాంటిలాంటి ఓటమి కాదు. అక్కడొకటి ఇక్కడొకటి దీపాలు వెలిగాయి, మిగతా చౌరస్తా అంతా చీకటి.

ఎందుకని అడిగితే ఒక్కొక్కరిదీ ఒక్కో కారణం. పుట్టగొడుగుల మళ్లు చూసేవాళ్లు ఒక షిఫ్టు పడుకుంటే మళ్లు కుళ్లిపోతాయట. కొలిమివాళ్లు పొయ్యి ఆర్పితే మళ్లీ రాజేయడం బ్రహ్మప్రళయమట. నీళ్లు తోడేవాళ్లు, బట్టలు నేసేవాళ్లు, అందరూ, తాము తప్ప మిగతావాళ్లు పడుకుంటే మంచిదనే అన్నారు. ఒకాయనైతే చల్లటి అంబలి తన ఒంటికి పడదని నాకు వైద్యం చెప్పాడు. నాకు కడుపు మండింది. మైకు పట్టుకున్న మనిషి తిట్టకూడదని ఆనవాయితీ కాబట్టి మైకు కట్టేసి తిట్టాను.

షిఫ్టు సగమయ్యేసరికి గాలి బరువెక్కింది. రెండు మెట్లు ఎక్కితే ఆయాసం. నా చెల్లెలు సునంద గదికి వెళ్లాను. దాని కూతురు తొలకరికి మూడేళ్లు. వాన చూడని పిల్లకు ఆ పేరు పెట్టింది నేనే. ఎప్పుడూ నా మెడకు వేలాడే పిల్ల, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పెదాలు రంగు తప్పాయి. నన్ను చూసి చేతులు చాపలేదు.

"పొద్దటి సంది గిట్లనే ఉన్నదక్కా," అంది సునంద. "తలకాయ నొస్తాందని కూడ చెప్తలేదు. ఏడ్వనీకె కూడ సత్తువ లేదు."

పిల్లను ఒళ్లోకి తీసుకున్నాను. దాని ఊపిరి నా మెడకు తగులుతుంటే నాకు భయం వేసింది. ఇంతకాలం బావిలో ఉండి ఇలాంటి భయం నాకు ఎప్పుడూ రాలేదు.

బుధవారం, మొదటి షిఫ్టు

మేకుకు కొత్త పలక వేలాడుతోంది. రాత నాకు తెలుసు. చిన్నప్పుడు చెయ్యి పట్టి దిద్దించింది నేనే.

"సడవలికి ఇద్దరి గాలి పోతోంది. పైకి పంపుదామా?"

పైకి పంపడమన్నా చంపడమన్నా మా దగ్గర ఒకటే. పైన ఎండలో మనిషి ఒక పూట కూడా నిలవడు.

సడవలి గురించి చెప్పాలి. ఆయన ఒకప్పుడు రాత్రిళ్లు పైకి వెళ్లి సోలార్ అద్దాలు తుడిచి వచ్చే దళంలో పనిచేశాడు. ఒకసారి వడగాలి తుఫానులో చిక్కుకుంటే ఛాతీ కాలిపోయింది. అప్పటి నుంచి చిన్న పంకా నుంచి ఒక సన్న గొట్టం నేరుగా ఆయన మంచానికి వెళ్తుంది. అది మూస్తే ఆయన బతకడు. మూసి ఆ గాలిని సునంద వాళ్లుండే పిల్లల గల్లీకి మళ్లిస్తే పిల్లలకు హాయిగా ఉంటుంది. అదీ నిజమే.

ఇక మనిషి సంగతి. బావిలో ఆయన తిట్టని గడప లేదు. తిండి పెట్టినామెను తిడతాడు, గొట్టం శుభ్రం చేసినవాణ్ని తిడతాడు. నా గొంతు తన నిద్ర చెడగొడుతోందని ఒకసారి మైకు వైరు కోసేశాడు. ఆయనంటే నాకు పడదు. ఈ మాట ఇక్కడ రాయకపోతే తరువాతది చదివేవాళ్లు నేనేదో దయామయురాలిని అనుకుంటారు.

సునందను పక్కకు లాగాను.

"పలక తియ్యి."

"ఎందుకు తియ్యాలె? అడుగుడు తప్పా? నా దీపం నాకున్నది, అందరి దీపాలు అందరికున్నయ్. వద్దన్నోళ్లు ఆర్పుకుంటరు."

"మనిషిని సంపుమని అడుగుతున్నవే."

"మరి నా బిడ్డను? నిన్న జర పండుకొమ్మంటే ఒక్కడన్న దీపం పెట్టిండా? నువ్వే సదివినవ్ గద, నువ్వే చూసినవ్ గద! ఆళ్లు తగ్గరు. ఆ ముసలాయన రేపో మాపో పొయ్యేటోడే. నా బిడ్డ ఇంకా చందమామను కూడ చూడలేదక్కా."

నాకు దాని మీద కోపం రాలేదు. ఒక షిఫ్టు నడుం వాల్చడానికి ఒప్పుకోనివాళ్లు రేపు ఒక మనిషిని పైకి పంపడానికి దీపాలు వెలిగిస్తారని తెలిసినందుకు వాళ్లందరి మీదా వచ్చింది.

ఎవరి గురించి ప్రశ్నో వాళ్లకు ముందే చెప్పడం నా పని. సడవలి దగ్గరికి వెళ్లి చెప్పాను. గొట్టం ముక్కు దగ్గర పెట్టుకుని అంతా విన్నాడు.

"ఎవ్వలు రాసిన్రు?"

"మా సునంద."

"ఆమె బిడ్డకు పాణం బాగలేదా?"

"బాగలేదు."

కాసేపు దగ్గాడు. "నువ్వు సదువుడైతే జర మెల్లగ సదువు. నీ గొంతు ఇంటే నాకు చెవులు నొస్తయ్," అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఏం మనిషో.

గురువారం, రెండో షిఫ్టు

ఈ రోజు జరిగింది ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

చౌరస్తా గోడ మీద మొదట బావిలోకి దిగినవాళ్లు రాసిన రాతలు ఉన్నాయి. ప్రశ్నలకు ముందు వాటిని చదవడం ఆచారం. ఎడమవైపు పైన ప్రజాస్వామ్యం అని ఉంటుంది. దాని కింద, "ప్రతి మనిషికీ ఒక దీపం. ఎక్కువ దీపాలు చెప్పిందే మాట." కుడివైపు పైన గనితంత్రం. దాని కింద మూడు వాక్యాలు. ఎడమవైపువి మనుషుల సంగతులు, కుడివైపువి గని జాగ్రత్తలు అని మాకు బడిలో చెప్పారు.

ఆ జాగ్రత్తల్లో మొదటిది, "దీపాలతో ఎవరి గాలినీ తేల్చరాదు." పూర్వం బొగ్గు తవ్వేవాళ్లు చెడ్డగాలి ఉందో లేదో మంట దీపం పెట్టి చూసేవారట. ఆ మంటకు గాలి అంటుకుని పేలేదట. అందుకని అలా చూడొద్దని రాశారని మా బడిపంతులు చెప్పాడు, ఆయనకు వాళ్ల పంతులు చెప్పాడు. రెండోది, "అటువంటి ప్రశ్నను నోట పలకరాదు." అందుకే గాలి ఉందా అని గట్టిగా అడగడం మాలో అపశకునం. మూడోది, "ఈ గోడ మార్చాలంటే దీపాలన్నీ వెలగాలి." ఆ గోడకు సున్నం వేసే రోజు బావిలోని వాళ్లందరం పనులు మానుకుని దీపాలు వెలిగించుకుని వచ్చి నిలబడతాం. ఎందుకని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

రోజూ నేను ఈ మూడూ ఒక్క ఊపిరిలో గడగడా చదివేస్తాను. ఈ రోజు ఊపిరి లేదు. మాటకు మాటకు మధ్య ఆగి గాలి పీల్చుకోవాల్సి వచ్చింది.

"దీపాలతో," అన్నాను. ఆగాను. "ఎవరి," అన్నాను. ఆగాను.

అక్కడే ఉండిపోయాను.

ఎవరి గాలి? చెడ్డగాలి గనిది. అది ఎవరిదో ఎలా అవుతుంది? గని సంగతైతే "గాలిని తేల్చరాదు" అంటే సరిపోయేది. పైగా దిగినవాళ్ల టోపీ దీపాల్లో మంటే లేదు, మావాటిలాగే బ్యాటరీవి. మంట లేని దీపాలకు ఆ జాగ్రత్త ఎందుకు రాస్తారు?

మైకు వదిలేసి, నీళ్ల కుండలో కొంగు ముంచి, గోడ దగ్గరికి వెళ్లి కుడివైపు పైనున్న పేరు మీద మసి తోమడం మొదలుపెట్టాను. జనం నాకు గాలి తలకెక్కిందనుకున్నారు. నీటి మరక, దాని మీద మసి, దాని మీద సున్నం. అవన్నీ పోయాక రెండో అక్షరం బయటపడింది. అది "ని" కాదు. "ణ".

మళ్లీ మైకు అందుకున్నాను.

"ఇది గనితంత్రం కాదు. గణతంత్రం. ఇవి పంకాల సంగతులు గావు, మన సంగతులే. ఎవరి గాలి ఎవరికుండాల్నో దీపాలు పెట్టి తేల్చొద్దని రాసిన్రు. అటువంటి ప్రశ్న నోట పలకొద్దని గూడ రాసిన్రు. నేను ఈ పలక సదువ."

ప్రశ్న మైకులో చదివితేనే కన్ను తెరుచుకుంటుంది. నేను చదవకపోతే ఎన్ని దీపాలు వెలిగినా అది లెక్కపెట్టదు. అది అర్థమవగానే అందరూ ఒంటికాలి మీద లేచారు.

సునంద ముందుకు వచ్చింది. పిల్ల దాని భుజం మీద వాలిపోయి ఉంది.

"ఒక అక్షరం కోసం నా బిడ్డను సంపుతవా? గణతంత్రమంటే రాజు లేకపోవుడు. నేను కూడ సదివిన. మనకు రాజెక్కడున్నడు?"

"ఉన్నడు. ఎక్కువమందే మన రాజు. రాజంటే ఒక్కడే ఉండాలని ఎవ్వలన్నరు? రెండు వందల మంది కలిసి ఒక్కని పాణం అడిగితే ఆ రెండు వందల మంది రాజే. ఈ రాజుకైతే కిరీటం గూడ అక్కర్లేదు, టోపీ చాలు."

"అందరు ఒప్పుకున్నదే జరగాలె. నువ్వే రోజు మైకులో చెప్తవ్!"

"చెప్త. రేపు గూడ చెప్త. ఏం వండాలె, ఎవ్వలు ఏ పని చెయ్యాలె, ఎవ్వలు పెద్ద, అన్ని దీపాలే చెప్పాలె. అది ఎడమ దిక్కు. కానీ ఎంతమంది అడిగినా ఇయ్యరానివి కొన్ని ముందుగాలనే పక్కకు పెట్టిన్రు. అది కుడి దిక్కు. రెండు చేతులుంటేనే మనిషి. మనం ఇన్నేండ్లు ఒంటిచేత్తోని బతికినం."

"అయితే ఆ రాత చెరిపేద్దాం!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"చెరుపుండ్రి. దీపాలన్నీ వెలగాలె. అన్నీ అంటే అన్నీ. సడవలి దీపం గూడ."

ఒకరిద్దరు నవ్వారు. మిగతావాళ్లకు నవ్వు రాలేదు. ఈలోపు ఎవరో కొత్త పలక తెచ్చి మేకుకు తగిలించారు. "మైకు నుంచి స్వరూపను తీసేద్దామా?"

నేను దాన్ని చూశాను. ఇది చదవొచ్చు. కుర్చీ గాలి కాదు. నా కుర్చీ వాళ్లు ఇచ్చిందే, తీసుకునే హక్కు వాళ్లకు ఉంది. గొంతు సరిచేసుకుని, అక్షరం పొల్లు పోకుండా, నా ఉద్వాసన ప్రశ్నను నేనే చదివాను. కన్ను తెరుచుకుంది. చౌరస్తా దీపావళిలా వెలిగిపోయింది. నేను నా దీపం ఆర్పుకున్నాను.

నా బదులు సునందను పెట్టారు. రేపు అదే చదువుతుంది. మైకు దాని చేతికి ఇస్తుంటే నా మొహం చూడలేదు.

ఈ పుస్తకం కూడా ఇచ్చేయమన్నారు. ఇవ్వనన్నాను. కావాలంటే దానికీ దీపాలు అడుక్కోమన్నాను.

శుక్రవారం, మొదటి షిఫ్టు

మైకు లేని మనిషికి కూడా ఒక పలక ఉంటుంది. ఎవరైనా ఏ ప్రశ్నైనా వేయొచ్చు. సునంద వేసింది కదా, నేనూ వేస్తాను.

సుద్దముక్క పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మొదట నా పేరు రాశాను. చెరిపేశాను. నా పేరు రాస్తే నాటకమంటారు, త్యాగమంటారు, చప్పట్లు కొట్టి మరీ దీపాలు వెలిగిస్తారు. ఓదెలు పేరు రాద్దామనుకున్నాను. పంకా ఎవరు బాగుచేస్తారని జనమే కాదంటారు, దాంతో ఏమీ తేలదు. చివరికి రాయకూడని పేరే రాశాను. రాసి, పలక బోర్లించి, ఏడ్చాను. ఆ తరువాత మొహం కడుక్కుని వెళ్లి మేకుకు తగిలించాను, రాత గోడవైపు పెట్టి.

శుక్రవారం, మూడో షిఫ్టు

సడవలిని కుర్చీలో కూర్చోబెట్టి చౌరస్తాకు తెచ్చారు. ఎవరి గురించి ప్రశ్నో వాళ్లు ఎదురుగా ఉండాలి. చేత్తో గాలి కొట్టే గొట్టం ఒకటి తగిలించారు. నన్ను చూసి, "మైకు ఊడిందట గద. ఇయ్యాల్టి సంది హాయిగ పండుకుంట," అన్నాడు. నేను, "ముందు బతుకు," అన్నాను.

సునంద ఎడమవైపు చదివింది. కుడివైపు చదవకుండా దాటేస్తుందనుకున్నాను. దాటలేదు. నా చెల్లెలు మొండిది, దొంగ కాదు. మూడు వాక్యాలూ చదివింది. ఊపిరి అందక అదీ ఆగి ఆగి చదివింది. తరువాత తన పలక తీసి పక్కన పెట్టుకుని, ముందుగా మేకుకు ఉన్న నా పలక తిప్పింది. వరుస ప్రకారం కొత్తది ముందు, ఆగినది తరువాత.

పలక మీద ఇలా ఉంది. "తొలకరి ఏ పనీ చేయదు, గాలి మాత్రం పీలుస్తుంది. పైకి పంపుదామా?"

సునంద కళ్లు పలక మీద కదలడం చూశాను. ఒకసారి చదువుకుంది. మళ్లీ చదువుకుంది. తల ఎత్తి నా రాతను కాదు, నన్ను చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మరిచిపోను.

"ఏందిది?" అంది. మైకు తెరిచే ఉంది, అందరికీ వినిపించింది.

"ప్రశ్న. సదువు."

"అక్కా."

"ఇయ్యాల నువ్వు అక్కవు చెల్లెవు గావు. మైకువు. పలక మీద ఏముంటే అది సదవాలె."

"సదువు!" అని వెనకవాళ్లు కూడా అరిచారు. పాపం, పలక మీద ఏముందో వాళ్లకు తెలియదు.

పిల్లను ఎవరో ఎత్తుకుని ముందు వరుసలోనే నిలబడి ఉన్నారు. పిల్ల తల్లిని చూసి చెయ్యి ఊపింది.

"నేను సదువ," అంది సునంద.

"ఎందుకు సదువవ్?"

"సదువ. గంతే."

"గంతే అంటే కాదు. నిన్న నేను సదువనంటే నన్ను తీసేసిన్రు. నేను కారణం చెప్పిన. నువ్వు గూడ చెప్పు. నీ బిడ్డ అనా? గట్ల చెప్తే రేపు ఇంకొకామె తన బిడ్డ అంటది. ఎందుకు సదువవో గోడ చూసి చెప్పు."

పలకను రొమ్ముకు అదుముకుంది, ఎవరికీ కనబడకుండా. ఎంతసేపు అలా నిలబడిందో నేను చెప్పలేను. అది చదివేస్తే ఏమవుతుందన్న ఆలోచన అప్పుడే, ఆ నిలబడడంలోనే, నాకు పూర్తిగా వచ్చింది.

"దీపాలతో," అంది సునంద. "ఎవరి గాలినీ తేల్చరాదు."

ఆ తరువాత అరచేత్తో నా పలక తుడిచేసింది. పక్కనున్న తన పలక తీసుకుని దాన్నీ తుడిచేసింది. పలకల మీది తడి కన్నీళ్లదో చెమటదో నాకు తెలియదు.

"పోయినయా రెండు ప్రశ్నలు?" అన్నాడు సడవలి కుర్చీలోంచి. "నన్ను తీస్కపోండ్రి మరి. ఇక్కడ గాలి బాలేదు."

ఎవరూ పోలేదు. సునంద ముక్కు ఎగబీల్చి మైకు మళ్లీ అందుకుంది. పలక లేకుండానే ఓదెలు పాత ప్రశ్న చదివింది. పొయ్యిలు ఆర్పి, మనిషికో షిఫ్టు కదలకుండా పడుకుందామా. చివర్లో తన మాట ఒకటి చేర్చింది. అలా చేర్చకూడదు, కానీ నేనిప్పుడు అడగడానికి ఎవరిని?

"ఈసారి గూడ దీపాలు పెట్టకపోతే," అంది, "ఎవ్వలను పంపుదామో మీలో ఒకరు వచ్చి ఈ గోడ ముందట నిలబడి సదువుండ్రి. నేనైతే సదువ."

దీపాలు వెలిగాయి. బొటాబొటిగా వెలిగాయి. చల్లటి అంబలి పడనాయన చివరిదాకా ఆర్పుకునే ఉన్నాడు. అది ఎడమవైపు సంగతి, ఆయన హక్కు.

సోమవారం, మొదటి షిఫ్టు

రెండు రోజులు బావి మొత్తం వంతులవారీగా పడుకుంది. నిన్న ఓదెలు పంకా తిప్పాడు. మోత మొదలవగానే జనం ఏడ్చారు, నవ్వారు, ఆ తరువాత పనులకు ఆలస్యమైందని తిట్టుకున్నారు. ఓదెలు ఇంకా నిద్రలోనే ఉన్నాడు. లేపొద్దని ఎవరో దీపాలు అడిగితే అందరూ వెలిగించారు.

సునంద గది ముందుకు వెళ్లాను. తలుపు తెర దించి ఉంది. లోపల పిల్ల మాట్లాడుతోంది, పెద్దమ్మ వచ్చిందా అని. ఎవరూ రాలేదని తల్లి చెబుతోంది.

"సునందా."

తెర దగ్గరికి జరిగాను.

"పిల్లకు అంబలి తెచ్చిన. వేడిగ ఉన్నది."

"అక్కడ పెట్టి పో."

పెట్టాను. పోలేదు. తెర అవతల నీడ కదిలింది.

"ఒకటి అడుగుత, నిజం చెప్పు," అంది. గొంతు చాలా దగ్గర నుంచి వచ్చింది. "నేను సదివితే? నా బుద్ధి గడ్డి తిని, నీ మీద కోపంతోని, నిజంగ సదివేస్తే? దీపాలు వెలిగితే ఏం జేస్తుంటివి?"

ఈ రెండు రోజులూ నేను పడుకున్న ప్రతి షిఫ్టులో నన్ను నేను అడుక్కున్నది అదే.

"తెల్వది," అన్నాను.

"తెల్వదా? నా బిడ్డ పేరు రాసి తెల్వదంటవా? నేను సదువనని అనుకున్నవా? ఆళ్లు మంచోళ్లు, దీపాలు పెట్టరని అనుకున్నవా?"

"అనుకోలే. నువ్వు మంచిదానివి. నువ్వే ఒక మనిషిని పైకి పంపుమని రాసినవ్. ఆళ్లు మంచోళ్లు. ఆళ్లే దీపాలు పెడ్తుండె. నేను మంచిదాన్ని. నేనే మూడేండ్ల పిల్ల పేరు రాసిన. మనందరం మంచోళ్లమే సునందా. మొదలు దిగినోళ్లకు ఆ సంగతి ఎరుకే. అందుకే మన మంచితనం మీద ఇడిసిపెట్టకుంట గోడ మీద రాసి పోయిన్రు."

పిల్ల ఆకలి అంది. తెర కింద నుంచి ఒక చెయ్యి వచ్చి గిన్నెను లోపలికి తీసుకుంది.

"ఇంకొక్కసారి నా బిడ్డ పేరు పలక మీద కనబడితే," అంది సునంద, "ఆ చెయ్యి ఇరగ్గొడ్త."

"ఇరగ్గొట్టు," అన్నాను. "ఇంకొకరి పేరు కనబడితే మల్ల రాస్త. ఎడమ చేత్తోనన్న రాస్త."